సంక్రాంతి సన్మానం గురించి మన కాలనీ బడి పూర్వ విద్యార్థులకి ఒక బహిరంగ లేఖ

మార్కాపురంలో మన కాలనీ ఎలిమెంటరీ బడిలో చదువుకున్న అన్నలకి, అక్కలకి, తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి,

నమస్తే. నేను మీ సార్ కూతుర్ని. మీలో చాలామందికి నేను ఇంకా "అయ్యోరి పాప"గానే గుర్తుంటాను, ఇప్పుడు నాకే ఒక పాప ఉంది, ఆరో తరగతి చదువుతోంది. పోయిన ఆదివారం కమిటీ అన్నలు ఇద్దరు ఫోన్ చేశారు. సంక్రాంతికి అందరం ఊరికి వస్తన్నాం కదమ్మా, కనుమ రోజు సార్ కి ఘనంగా సన్మానం పెట్టుకున్నాం, ఒక పుస్తకం కూడా వేస్తన్నాం, సార్ చేసిన త్యాగాల గురించి రెండు పేజీలు రాసి పంపు, పాత ఫోటోలుంటే పంపు అన్నారు. సరే అన్నా అన్నాను. నాలుగు రోజుల నుంచి ఆఫీసు నుంచి వచ్చాక రాత్రిళ్ళు కూర్చుని రాయడం, కొట్టేయడం, ఇదే పని. ఆ త్యాగం అనే మాట దగ్గరే పెన్ను ఆగిపోతోంది. అందుకే ఆ రెండు పేజీలు పక్కనపెట్టి మీ అందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను, పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక మాట. మీరు గుర్తుపెట్టుకున్నందుకు మా ఇంట్లో అందరికీ ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. నాన్న 2021 జూన్ 30న రిటైర్ అయ్యాడు, కరోనా రెండో వేవ్, బళ్ళు మూసేసి ఉన్నాయి. ఆయన చివరి బడి మన కాలనీది కాదు, ఊరికి పదిహేను కిలోమీటర్ల అవతల పల్లెలో. ఆ రోజు ఒక్కడే బండి మీద పోయి, తాళం తీసి, రిజిస్టర్ లో సంతకం పెట్టి, బోర్డు మీద తారీఖు రాసి, మళ్ళీ తాళం వేసి తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వచ్చేశాడు. ముప్పై ఆరేళ్ళ సర్వీసు, ఒక దండ లేదు, ఒక ఫోటో లేదు, పిల్లోడు ఒక్కడు కూడా లేడు. ఇంటికొచ్చి అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి "ఖాళీ బడిని చూడటం ఇదే మొదలు" అన్నాడు, అంతే. కాబట్టి మీరు ఆయన కోసం ఒక సభ పెడతామంటే నాకు కడుపు నిండినట్టు ఉంది. నేను కాదనేది సభని కాదు. ఎడ్లబండి ఊరేగింపు, వెండి కిరీటం, స్టేజీ మీద పాదపూజ, డీజే, రోడ్డు పొడుగునా ఫ్లెక్సీలు, వీటన్నిటికీ 2,40,000 పోగయ్యాయని చెప్పారు చూడండి, ఆ డబ్బుల గురించే నా గోల.

నాన్న 1985లో చేరాడు, స్పెషల్ టీచర్ గా, నెలకి 398 రూపాయలు. మీలో టీచర్లయిన వాళ్ళకి ఆ నంబర్ చెప్తే చాలు అర్థమైపోతుంది, ఆ బ్యాచ్ వాళ్ళని ఇప్పటికీ 398 టీచర్లనే అంటారు. రెగ్యులర్ స్కేలు వచ్చేదాకా చేసిన ఆ సర్వీసుకి ఇంక్రిమెంట్లు లెక్కగట్టమని వాళ్ళు ఎన్నేళ్ళు తిరిగారో. మొదటి పోస్టింగ్ నల్లమల అంచున ఒక ఊళ్ళో. బడి అంటే ఒక రావిచెట్టు, ఒక వసారా, ఒక బోర్డు. మా తాతకి ఇది అస్సలు నచ్చలేదు, కొడుకు పోలీసో రెవిన్యూనో అవుతాడనుకున్నాడు పాపం, ఊళ్ళో ఎవరన్నా అడిగితే బతకలేక బడిపంతులు అని ఆయనే ముందు అనేసేవాడట, ఇంకెవరూ అనకముందే. నాన్న ఆ మాటకి ఏనాడూ కోపం తెచ్చుకోలేదు గానీ, మర్చిపోలేదు కూడా.

1992లో మన కాలనీ బడికి ట్రాన్స్ఫర్ అయి వచ్చాడు. అప్పటి కాలనీ సంగతి మీకు నేను చెప్పాలా, సగం ఇళ్ళు పలకల షెడ్లలో కూలి, సగం ఇళ్ళు వలస. దేశంలో ఎక్కడ పిల్లలు బళ్ళో కూర్చున్నా చేతిలో మన మార్కాపురం పలక ఉండే కాలం అది. క్వారీ నుంచి రాయి రావడం, పొరలు పొరలుగా చీల్చడం, సైజుకి కోసి నున్నగా చేసి చెక్క ఫ్రేము ఎక్కించడం, అన్నిట్లోనూ పిల్లల చేతులు ఉండేవి. 1988లో కేంద్రం బాలకార్మిక ప్రాజెక్టులు మొదలుపెట్టినప్పుడు మొదట ఎంచుకున్న కొద్ది చోట్లలో మన పలకల పరిశ్రమ ఒకటి, అంటే మన ఊరి పేరు ఢిల్లీ దాకా వెళ్ళింది ఇట్టాంటి సంగతితో. నాన్న చేరిన మొదటి వారం హాజరు పిలిస్తే రిజిస్టర్ లో 60 పైన పేర్లు, బళ్ళో 20 మంది. మిగతా వాళ్ళు ఏరిరా అంటే "షెడ్డుకి పోయినారు సార్" అన్నారంట. ఆయన షెడ్ల వెంట తిరిగిన కథ మీ అందరికీ తెలుసు, మీరే నాకు చెప్తుంటారు, అంచు పగిలిన పలకలు షెడ్డు ఓనర్లని అడిగి తెచ్చి పిల్లలకి పంచింది, పొద్దున పూట బడి, మధ్యాహ్నం నుంచి పని అని ఒప్పందం చేసుకుని పిల్లల్ని మెల్లగా లాక్కొచ్చింది. పనికి పంపొద్దని మొదటి రోజే అనుంటే ఒక్కరూ వచ్చేవాళ్ళు కాదు అంటాడు ఇప్పటికీ. దాని గురించి ఎవరైనా పుస్తకంలో తప్పకుండా రాయండి, నాకంటే మీకే బాగా తెలుసు.

నేను రాయాల్సింది వేరే ఉంది. ఇది నాన్న మీలో ఎవరికీ చెప్పలేదు, మాకు కూడా చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు, రాయొచ్చా అని నిన్న ఫోన్ లో అడిగాను, కాసేపు మాట్లాడకుండా ఊరుకుని రాయమ్మా అన్నాడు.

1998 జనవరి. అప్పటికి బళ్ళో వంట లేదు, వండిన భోజనం 2003లో మొదలైంది కదా, దానికి ముందు హాజరు 80 శాతం ఉన్న పిల్లలకి నెలకి మూడు కిలోల బియ్యం ఇచ్చేవాళ్ళు. సంక్రాంతి అయిపోయింది, గుంటూరు వైపు మిరప కోతలకి కూలికి పోయే కుటుంబాల్ని ఎక్కించుకుని లారీలు కదులుతున్నాయి. మూడో తరగతి చదివే ఒక పిల్ల, పేరు రాయను, వాళ్ళమ్మ చంకలో చంటోడిని ఎత్తుకుని బడికి వచ్చి "అయ్యోరా, పిల్లని తీసకపోతన్నాం, చేన్లో ఈడ్ని ఎవురు చూసుకుంటారు, మేం వచ్చిందాకా రిజిస్టర్ లో హాజరు వెయ్యండి, బియ్యం ముసల్దానికి ఇయ్యండి" అని అడిగింది. నాన్న వేయనన్నాడు. లేని పిల్లకి హాజరు వేయడం తప్పు, రూలు ఒప్పుకోదు అన్నాడు. రూలు ప్రకారం ఆయన చేసింది కరెక్టే. ఆ ముసలావిడకి మన ఇంట్లో నుంచి బియ్యం ఇవ్వొచ్చు అనిగానీ, పిల్లని ఇక్కడ వదిలి చంటోడిని మాత్రం తీసుకుపోండి అని అడగొచ్చు అనిగానీ ఆ నిమిషంలో ఆయనకి తట్టలేదు. ఏప్రిల్ లో లారీలు తిరిగొచ్చాయి, ఆ పిల్ల రాలేదు, అక్కడే ఎవరో బంధువుల దగ్గర పనికి పెట్టి వచ్చామన్నారు. బాగా చదివే పిల్లంట, గుణింతాలు తప్పు లేకుండా రాసేదంట.

ఈ కథ అక్కడితో అయిపోయుంటే నాన్న కూడా మర్చిపోయేవాడేమో. 2011 ఫిబ్రవరిలో జనాభా లెక్కల డ్యూటీ, అప్పటికి నాన్న మళ్ళీ మన కాలనీ బడికి వచ్చి రెండేళ్ళు, ఆయనకి పడిన బ్లాక్ కూడా మన కాలనీనే. ఇల్లిల్లూ తిరిగి రాస్తుంటే ఒక ఇంట్లో ఆ పిల్ల కనిపించింది, కానుపుకి పుట్టింటికి వచ్చి ఉంది, చేతిలో రెండో బిడ్డ. నన్ను గుర్తుపట్టినారా సార్ అని నవ్వింది. ఫారం లో ఒక్కొక్కటే అడుగుతూ చదవడం రాయడం వచ్చా అనే దగ్గరికి వచ్చాడు. రాదు సార్, మర్చిపోయినా అంది. నాన్న చేత్తోనే ఆ పిల్ల పేరు పక్కన నిరక్షరాస్యురాలు అని నింపాడు, ఒకప్పుడు ఆయన చెయ్యి పట్టి అ ఆలు దిద్దించిన పిల్లకి. ఆ రోజు రాత్రి నాన్న అన్నం తినలేదు. ఎందుకు తినలేదో మాకు అప్పుడు చెప్పలేదు, అమ్మకి మాత్రం చెప్పాడు.

మీలో సంక్రాంతి తర్వాత మా ఇంట్లో పడుకున్న వాళ్ళకి, మీరు ఆ ఇంటికి ఎట్టా వచ్చారో ఇప్పుడు తెలిసిందా? 1999 జనవరిలో, ఆ పిల్ల పోయిన మరుసటేడు, నాన్న లారీలు కదిలే రోజు పొద్దున్నే కాలనీకి పోయి తల్లిదండ్రులతో మాట్లాడాడు. పిల్లల్ని నా దగ్గర వదలండి, పరీక్షలయ్యేదాకా నేను చూసుకుంటా అన్నాడు. ఎవరూ నమ్మలేదు, మధ్యాహ్నానికి నాలుగు ఇళ్ళ వాళ్ళు ఒప్పుకున్నారు. సాయంత్రం ఆ నలుగురినీ వెంటబెట్టుకుని ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి అమ్మని "అన్నం ఉందా" అని అడిగాడు. వీళ్ళని ఉంచుకుందామా అని అడగలేదు, నీకు ఇష్టమేనా అని అడగలేదు. అన్నం ఉందా అన్నాడు. అమ్మ ఆ నలుగురినీ ఒకసారి చూసి, లేదు, ఎసరు పెడతా, కూర్చోమను అంది. నాకప్పుడు పదేళ్ళు, నేను గుమ్మం పక్కనే ఉన్నాను.

ఆ తర్వాత పదమూడేళ్ళు ప్రతి జనవరి నుంచి ఏప్రిల్ దాకా మా ఇల్లు అట్టాగే ఉంది. 2000లో నాన్నకి ట్రాన్స్ఫర్ అయి పల్లెకి పోయినా పిల్లలు మాత్రం మన కాలనీ బడిలోనే చదువుతూ మా వసారాలోనే పడుకునేవాళ్ళు. ఒక ఏడు ఆరుగురు, ఒక ఏడు పదకొండు మంది. 2002లో కరువు, ఆ ఏడు పద్నాలుగు మంది, అమ్మ మెడలో గొలుసు ఏప్రిల్ దాకా తాకట్టులో ఉంది. నాన్న జీతం, మా అత్త పెళ్ళి అప్పు, పీఎఫ్ లోను, చీటీ, ఇవన్నీ పోగా మిగిలే దాంట్లోనే ఈ పిల్లల బియ్యం. పొద్దున సద్దన్నంలో మజ్జిగ, ఉల్లిపాయ, రాత్రి అన్నం పప్పు, ఆదివారం గుడ్లు, తలా ఒకటి. మన మార్కాపురం నీళ్ళ కథ తెలుసు కదా, బోరు నీళ్ళు తాగే పని లేదు, ఫ్లోరైడు, ట్యాంకర్ వచ్చిన రోజు అమ్మ, పిల్లలు, నేను, తమ్ముడు బిందెలతో వరసలో. వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన చేశారని, సొరంగంలో నుంచి కృష్ణ నీళ్ళు వస్తాయని, అవి వస్తే కోతలకి పోయే పని ఉండదని నాన్న పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి చూపించేవాడు. ఆ బొమ్మ చూసిన వాళ్ళ పిల్లలు ఇప్పుడు లారీలు ఎక్కుతున్నారు.

ఒక ఏడు అందరికీ గజ్జి వచ్చింది, మా తమ్ముడికి కూడా. అమ్మ వేపాకు కాచి పన్నెండు మందికి వరసగా నీళ్ళు పోసేది. రాత్రిళ్ళు చిన్న పిల్లలు అమ్మా అని ఏడిస్తే లేచేది మా అమ్మే, నాన్నకి నిద్ర పట్టిందంటే పిడుగు పడినా మెలకువ రాదు. 2003లో అమ్మకి ఆపరేషన్ అయింది, బరువులు ఎత్తొద్దన్నారు. మూడో నెలలో మళ్ళీ ఆ పెద్ద గిన్నె దించుతూనే ఉంది, ఎవరూ ఎత్తమనలేదు, కానీ ఎవరూ వద్దని పక్కకి లాగి ఎత్తనూ లేదు. నేను కూడా. నాకు పదిహేనేళ్ళు అప్పటికి, తెలిసే వయసే.

త్యాగం అని రాయడానికి నాకు చెయ్యి రాకపోవడానికి కారణం ఇదే. నాన్న ఇచ్చాడు నిజమే, కానీ ఆయన ఇచ్చిన దాంట్లో సగం పైన అమ్మది. మా తమ్ముడిది కూడా కొంచెం ఉంది. వాడి చదువుకి దాచిన డబ్బు ఒక ఏడు పిల్లల దుప్పట్లకి, మందులకి పోయింది, ఇంటర్ కి వాడి ఫ్రెండ్స్ అందరూ విజయవాడ పోతే వాడు ఊళ్ళోనే చదివాడు. చాలా ఏళ్ళు ఆ కోపం వాడిలో ఉండింది, నాన్నతో సరిగ్గా మాట్లాడేవాడు కాదు, ఇంటి పిల్లోడి కంటే వీధి పిల్లోళ్ళే ఎక్కువ నీకు అని ఒకసారి ముఖం మీదే అన్నాడు. నాన్న జవాబు చెప్పలేదు. వాడు తండ్రి అయ్యాక అదంతా కరిగిపోయింది లెండి, ఈ ఉత్తరం కూడా వాడికి చదివి వినిపించాకే పంపుతున్నాను, ఈ ముక్క తీసేయనా అంటే ఉండనియ్యి, నిజమే కదా అక్కా అన్నాడు.

నాన్న ఆ వసారాలో పిల్లలకి చెప్పిన లెక్కల గురించి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే కాలనీ వాళ్ళకి బడి మీద నమ్మకం కుదిరింది దాని వల్లే. మిరప కోత కూలి కొన్ని చోట్ల తూకం మీద ఇచ్చేవాళ్ళు. కూలీల్ని తీసుకుపోయే మేస్త్రీ చెప్పిందే లెక్క, రాసుకునే వాళ్ళు లేరు, ఏప్రిల్ లో తిరిగొచ్చాక అడ్వాన్సు పోను నీకింతే అంటే తలూపి తీసుకోవడమే. నాన్న నాలుగు, ఐదు తరగతుల పిల్లలకి గుణకారాలు, భాగహారాలు ఈ లెక్కలతోనే నేర్పాడు. రోజుకి ఎన్ని కిలోలు కోశారు, కిలోకి ఎంత, ఎన్ని రోజులు, అడ్వాన్సు ఎంత, పోను ఎంత రావాలి. కోతలకి పోయేటప్పుడు ప్రతి ఇంటికీ ఒక చిన్న నోటుబుక్కు ఇచ్చి, చదవడం రాని తల్లిదండ్రులైనా రోజుకి కిలోకి ఒక గీత గీసుకొచ్చేలా నేర్పాడు. తిరిగొచ్చాక ఆ గీతలు లెక్కపెట్టి కూడేది పిల్లలే. ఒక ఏడు మీలో ఒక అన్న, ఇప్పుడు బ్యాంకులో ఉన్నాడు, అప్పుడు ఐదో తరగతి, మేస్త్రీ ముందే నిలబడి మా నాయనకి ఇంకా 640 రావాల అని చెప్పాడు. మేస్త్రీ మళ్ళీ లెక్క చూసి ఇచ్చాడు. ఆ మరుసటేడు మా వసారా సరిపోలేదు, పిల్లల్ని ఉంచుకోమని వాళ్ళే వచ్చి అడిగారు.

మిగతా సంగతులు అందరు టీచర్లవీ ఒకటే, పెద్దగా చెప్పేదేం లేదు. ఎలక్షన్ డ్యూటీలు, ఓటర్ల లిస్టులు, చెంచుగూడేల్లో పోలింగు, బళ్ళోనే నేల మీద పడక. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చినప్పుడు జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు పనులు తప్ప టీచర్లకి వేరే పనులు చెప్పకూడదని రాశారని సంతోషపడ్డాడు. రిటైరయ్యే ముందు రెండేళ్ళు మాత్రం ఆయన్ని ఎక్కువ కష్టపెట్టింది ఫోనే. పొద్దున పోగానే మధ్యాహ్న భోజనం ఫోటో, బాత్రూముల ఫోటో, ఇది అప్లోడ్, అది అప్లోడ్, సిగ్నల్ లేక గోడెక్కి ఫోన్ పట్టుకుని నిలబడేవాడు, ఒకటో తరగతి పిల్లలు కింద నిలబడి చూస్తా ఉండేవాళ్ళంట. పాఠం చెప్పాల్సిన పొద్దుటి గంట, పిల్లల బుర్ర బాగా పనిచేసే గంట అట్టా పోయిందని ఇప్పటికీ బాధపడతాడు.

ఇప్పుడు మన బడి సంగతి. మీలో ఎంతమంది ఈ మధ్య అటు పోయారో నాకు తెలియదు. నేను దసరాకి వెళ్ళినప్పుడు పాపని తీసుకుని పోయాను. ప్రభుత్వ బళ్ళని బాగుచేసే నాడు-నేడు పథకంలో పడిన రంగులు, బల్లలు, ఫ్యాన్లు అన్నీ బాగున్నాయి, మన రోజుల్లో కలలో కూడా అనుకోలేదు. పిల్లలు 17 మంది, టీచర్ ఒక్కరే, ఆవిడ సెలవు పెడితే బడికి సెలవే. 2022లో ప్రభుత్వం 117 జీవో ఇచ్చినప్పుడు మన బడిలో 3, 4, 5 తరగతులు తీసి మెయిన్ రోడ్డు అవతల హైస్కూల్లో కలిపారు. 2025లో ఆ జీవో రద్దు చేశారు గానీ మన బడికి ఆ తరగతులు తిరిగి రాలేదు, ఇప్పటికి ఒకటి, రెండే. పైతరగతుల చిన్నపిల్లలు లారీలు పోయే రోడ్డు దాటి పోవాలి, దాటించే వాళ్ళు లేని ఇళ్ళలో బడి మానేయడం మొదలైంది. ఆ మేడమ్ ఎంత మంచావిడో, నాన్న పేరు చెప్పగానే కూర్చోబెట్టి టీ తెప్పించింది, పోయిన ఏడు సంక్రాంతి తర్వాత ఎంతమంది మిగిలారు మేడమ్ అని అడిగితే వేళ్ళు చూపించింది, ఆరు. మిగతా 11 మంది లారీల్లో పోయారు. వలసపోయే ఇళ్ళ పిల్లలు ఆ నాలుగు నెలలు ఉండటానికి ప్రభుత్వం తరఫున సీజనల్ హాస్టల్ పెడతామంటారు, కానీ అనుమతులు, బిల్లులు అయ్యి తెరిచేసరికి ఒక్కో ఏడు ఫిబ్రవరి సగం దాటుతుంది, అప్పటికి పిల్లలు చేన్లో ఉంటారు. లారీ ఎక్కాక పిల్లని తిరిగి తేవడం కంటే ఎక్కకముందు ఆపడం తేలిక, ఇది నాన్న మాట.

మీ పిల్లల్లో ఒక్కరైనా ఆ బళ్ళో ఉన్నారా అని అడిగే హక్కు నాకు లేదు. నా కూతురు కూడా హైదరాబాద్ లో ప్రైవేటు స్కూల్లోనే చదువుతోంది. దాన్ని చేర్పించేటప్పుడు నాన్నతో చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఆయనే ఫీజు ఎంతమ్మా అని అడిగి, నేను చెప్పిన అంకె విని, బాగా చదివించు అని మాత్రం అన్నాడు. ఆ రోజు నుంచి నా మనసులో ఒక బరువు అట్టాగే ఉంది, అది ఈ ఉత్తరంతో దిగుతుందని కాదు, మీకు చెప్పకుండా మీ దగ్గర ఇంకోటి అడగడం న్యాయం కాదని చెప్తున్నాను.

ఇక నేను అడిగేది. సన్మానం కనుమ నాడు. లారీలు కదిలేది ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో. కిరీటం పెట్టి ఊరేగించే రోడ్డు మీదనే అదే వారంలో ఆ 11 మంది పిల్లలు మూటల మీద కూర్చుని పోతారు. నాన్న బండి మీద నుంచి వాళ్ళని చూడాలి. ఆయనకి చూపు బాగానే ఉంది ఇంకా. దయచేసి ఆ డబ్బు ఆ పిల్లల్ని ఆపడానికి పెడదాం.

లెక్క నేను వేశాను, నా ఉద్యోగమే లెక్కలు. బడి దగ్గర్లో రెండు గదులు, వసారా ఉన్న ఇల్లు నెలకి 6,000 అనుకుంటే నాలుగు నెలలకి 24,000. వంటకి, రాత్రి పిల్లలతో పడుకోవడానికి కాలనీలోనే ఒక మనిషిని పెట్టుకుంటే నెలకి 10,000 చొప్పున 40,000. పదిహేను మంది పిల్లలు, 110 రోజులు, పొద్దున రాత్రి భోజనానికి తలకి రోజుకి 60 చొప్పున 99,000. మధ్యాహ్నం బళ్ళో పెడతారు కదా. మొత్తం 1,63,000. మిగిలిన 77,000లో గ్యాసు, చాపలు, దుప్పట్లు, మందులు, రోడ్డు దాటించి తీసుకొచ్చే మనిషికి ఎంతో కొంత, మిగిలింది వచ్చే ఏటికి. అప్పట్లో లాగా ఎవరింట్లోనో పడుకోబెడితే ఇప్పుడు కుదరదు, కుదరకూడదు కూడా, ఆడపిల్లలు ఉంటారు. ఎంఈఓ (మండల విద్యాధికారి) గారితో, పిల్లల సంక్షేమం చూసే ఐసీడీఎస్ వాళ్ళతో ముందే మాట్లాడి కాగితం మీద అనుమతి తీసుకోవాలి, రాత్రిళ్ళు ఇద్దరు ఆడమనుషులు ఉండాల్సిందే, ఒకరు జీతానికి, ఇంకొకరు మన అక్కచెల్లెళ్ళలో వంతులవారీగా. సీజనల్ హాస్టల్ టైముకి తెరిస్తే ఇంకా మంచిది, మన డబ్బు దాంట్లో తక్కువ పడిన వాటికి వాడొచ్చు, తెరవమని అడగడానికి కూడా కమిటీగా పోతే ఒక మాట, ఒక్కరు పోతే ఒక మాట. మీలో పోలీసులో ఉన్న తమ్ముడు, సచివాలయంలో ఉన్న చెల్లెలు, ఆటో యూనియన్ అన్న, మీరు ముగ్గురూ కూర్చుంటే నెలలో అయిపోయే పని ఇది. తల్లిదండ్రులతో మాట్లాడటానికి నాన్న వస్తానన్నాడు. మోకాళ్ళు నొప్పులు, కానీ కాలనీ దాకా ఆటోలో తీసుకుపోతే ఇల్లిల్లూ తిరుగుతా అన్నాడు, ఈ మాట అనేటప్పుడు ఆయన గొంతు మీరు వినుండాల్సింది.

సభ పెట్టండి. బడి ముందే పెట్టండి, షామియానా, కుర్చీలు, ఒక మైకు చాలు. భోజనాలు మేము మా ఇంటి తరఫున పెడతాం. పాదపూజ మాత్రం వద్దు, ఆయన కాళ్ళు ఎవరు కడిగినా ఆయన తట్టుకోలేడు, ఆ 1998 పిల్ల గుర్తొస్తుంది ఆయనకి. ఆ అమ్మాయిని పిలవండి. కాలనీలోనే ఉంటోంది ఇప్పుడు, పెద్దకూతురు ఇంటర్ చదువుతోందట. పిలిస్తే వస్తుందో రాదో, కానీ నాన్న పిలవమన్నాడు.

స్టేజీ మీద అమ్మకి కుర్చీ వేయండి, నాన్న పక్కన కాదు, మధ్యలో. మా వసారాలో అన్నం తిన్న వాళ్ళు మైకులో ఏం చెప్పాలనుకున్నా ఆవిడకి చెప్పండి. సన్మానం నీకు కూడా చేయమంటున్నానమ్మా అని ఫోన్ లో చెప్తే, నాకెందుకే, ఆ రోజుల్లో ఎవరైనా ఒక పెద్ద పొయ్యి కొనిపెట్టుంటే బాగుండేది అంది. ఇల్లు తీసుకునే సంగతి చెప్పగానే మాత్రం వెంటనే లేచి కాగితం తెమ్మని నాన్నకి చెప్పి, పదిహేను మందికి నెలకి ఎంత పప్పు, ఎంత బియ్యం, ఎంత చింతపండు ఫోన్ లోనే చెప్తా రాయించింది, చిన్నపిల్లలకి రాత్రి కారం తగ్గించాలని కూడా రాయించింది. ఆ కాగితం నాన్న ఫోటో తీసి నాకు పంపాడు, కమిటీ గ్రూపులో పెడతాను.

ఆ పెద్ద గిన్నె కొనొద్దంది. మా అటక మీదే ఉంది, కళాయి వేయించాలి అంతే. పండక్కి ముందే ఎవరైనా ఇద్దరు రండి, ఒక్కరు దించలేరు.

మీ సార్ కూతురు